బిక్కమొహాల ఆట

“టీవీలో మేం చూసే ఆ నవ్వుల ఆటలో నటులు మాటలు ముందుగా రాసుకోరు బాబూ. అప్పటికప్పుడు కల్పిస్తూ, మధ్యలో ఏమనాలో తోచక బిక్కమొహం వేస్తారే, మాకదే ఇష్టం,” అంది దర్జీ పెద్దమ్మ, టీవీ విప్పిన మెకానిక్‌తో.

కోడలు వచ్చిన కొత్తలో అత్తాకోడళ్లకు మాటలు కలిసేవి కావు. సాయంత్రాలు టీవీ వెలుగు కుట్టని గుడ్డల మీద నీళ్లలా పరుచుకునేది. ఓరోజు ఆ ఆటలో ఓ నటుడు మాట తోచక గుటకలు మింగుతుంటే పెద్దమ్మ సూది గాల్లోనే ఆగింది. “అచ్చం మనలాగే అత్తయ్యా!” అని కోడలు కిసుక్కుమంది. ఆ నవ్వులో ఇద్దరూ చాలాసేపు తేలారు.

“రేపటిదాకా పలకదు పెద్దమ్మా,” అన్నాడు మెకానిక్.

మళ్లీ ఆ పాత మౌనమేనా అనుకుంటూ పెద్దమ్మ నల్లటి తెరలో తన మొహం చూసుకుంది. అదీ బిక్కమొహమే. నవ్వొచ్చింది.

“పక్కవీధి మందుల షాపులో మా కోడలు పనిచేస్తుంది. టీవీ లేకపోయినా తొందరగా రమ్మను నాయనా. ఇవాళ ఆ బిక్కమొహం ఆట ఆడేది నేనని చెప్పు.”