నడుం తిప్పడం నేర్పిన రత్నక్క

మొన్న ఉదయం సుక్మా బస్టాండులో నిలబడి ఉండగా బీడీలు చుట్టే తునికాకు బస్తాల లారీ ఒకటి నా పక్కనుంచే వెళ్లింది. ముందు ఎండిన ఆకు వాసన, ఆ వెనకే దుమ్ము. ముక్కు మూసుకోవాల్సింది పోయి గట్టిగా పీల్చాను. ఆ వాసన తగిలితే చాలు, నాకు రత్నక్క గుర్తొస్తుంది. ఆమె ఎన్నడూ తునికాకు కోసిన మనిషి కాదు, నర్సు. కానీ ఆమెనూ ఆ ఆకునూ కలిపి ముడివేసిన వేసవి ఒకటి నా జీవితంలో ఉంది. ఆ వేసవి గురించి ఆమె బతికుండగా నేను ఒక్కసారైనా ఆమెతో మనసు విప్పి మాట్లాడి ఉంటే, ఇవాళ ఇలా రాసుకోవలసి వచ్చేది కాదేమో.

అప్పుడు నాకు ఇరవై ఆరేళ్లు. మాది రాష్ట్ర సరిహద్దుకు అవతల, తెలుగు వైపు ఓ పల్లె. సరిహద్దుకు ఇవతల కుంట అనే ఊళ్లో, మన మండలాఫీసు లాంటి జనపద్ ఆఫీసులో కంప్యూటర్ ఆపరేటరుగా చేరాను. పొద్దున పది నుంచి సాయంత్రం దాకా ప్లాస్టిక్ కుర్చీలో వంగి కూర్చుంటే ఆరు నెలల్లో నడుం పట్టేసింది. నా అద్దె గది వెనకాలే ప్రభుత్వ ఆరోగ్య కేంద్రం. అందులో నర్సు రత్నక్క. యాభై దాటిన బక్కపలచని మనిషి, కళ్లజోడును దారంతో మెడకు కట్టుకునేది. వచ్చినవాళ్లతో తెలుగు, హిందీ, అక్కడి ఆదివాసుల దోర్లీ ఏది పడితే అది మాట్లాడేది. గోలీ ఇవ్వమని వెళ్లాను.

"ఇస్త గానీ, నొప్పి కాల్లోకి దిగుతదా? తిమ్మిరి ఎక్కుతదా?" అని అడిగింది.

లేదన్నాను.

"ఉంటే డాక్టరు దగ్గరికి తోలుదును. కింద కూసో."

దుప్పటిని నాలుగు మడతలు పెట్టి, దాని అంచు మీద కూర్చోమంది. కాళ్లు మడిచి, వెన్ను నిటారుగా నిలిపి, ఊపిరి తీసుకున్నప్పుడల్లా నడినెత్తిని ఎవరో పైకి లేపుతున్నట్టు అనుకోమంది. రేపు పొద్దున తను ఆడవాళ్లకు యోగా నేర్పే చోటికి రమ్మంది, ఎల్లుండి కూడా. వారం గడిచేసరికి నాకు విసుగు పుట్టింది. మిగతా ఆడవాళ్లు అటూ ఇటూ నడుం తిప్పుతుంటే నేనొక్కదాన్నే బొమ్మలా కూర్చోవడం ఏమిటని అడిగాను.

"కూసునుడే రానోళ్లు తిరిగితే ఏమైతది పద్మా? వంగిన వెన్ను తిప్పితే విరుగుతది. ముందు పొడుగు చెయ్యి. తిరుగుడు ఎటూ పోదు" అంది.

పదో రోజున తిరగనిచ్చింది. ఎదురు మోకాలి మీద ఒక చెయ్యి, వెనక నేల మీద ఒక చెయ్యి. నేను అందరిలాగే ముందు తల తిప్పేశాను. ఆమె నవ్వి నా గడ్డాన్ని మళ్లీ మధ్యకు తెచ్చింది. ఊపిరి వదులుతూ ముందు బొడ్డు తిరగాలట, తర్వాత పక్కటెముకలు, తర్వాత భుజాలు, అన్నిటికన్నా ఆఖరున తల. పిరుదులు రెండూ నేలకే ఆని ఉండాలి. మోకాలి మీది చెయ్యి ఆసరాకే గానీ గుంజడానికి కాదు. ఐదు ఊపిరుల పాటు ఉండి, ఎంత నిదానంగా వెళ్లామో అంత నిదానంగా వెనక్కి రావాలి. ఎంతవరకు తిరగాలి అక్కా అని అడిగితే, "ఊపిరి సాఫీగా ఆడినంత వరకు. ఊపిరి బిగిసిందా, నువ్వు గీత దాటినట్టే" అంది.

ఆ జాగ్రత్త ఆమెకు ఊరికే రాలేదు. ఒక వానాకాలం టీకాల పెట్టెతో భేజ్జి వైపు వెళ్తూ ఇసుకలో స్కూటీ జారి పడిందట. రెండు నెలలు మంచం మీదే ఉందట. లేచి నడిచే రోజుల్లో ఎవరో నేర్పితే యోగా మొదలుపెట్టి, తొందరపడి నడుం తిప్పి ఇంకో నెల మళ్లీ మంచం ఎక్కిందట. ఆ సంగతి చెప్పేటప్పుడు ఆమె సిగ్గుపడేది.

అంగన్‌వాడీ వరండాలో పొద్దున ఆరింటికి ఏడెనిమిది మందిమి చేరేవాళ్లం. వాళ్లలో నాకు బాగా దగ్గరైంది భీమె. ఊరి చివరి గూడెంలో ఉండే దోర్ల మనిషి. మా అమ్మకన్నా పెద్దది, అందుకని పెద్దమ్మా అని పిలిచేదాన్ని. మార్చిలో ఇప్పపువ్వు ఏరుతూ, ఎండలు ముదిరాక తునికాకు కోస్తూ ఏడాదిలో సగం రోజులు వంగే బతికేది. వరండాలో నడుం తిప్పి వెనక గోడను చూసిన మొదటి రోజు, గోడ మీద చుట్టాలెవరో కనిపించినట్టు నవ్వింది.

ఆ మే నెలలో రత్నక్క మూడు రోజులు టీకాల పని మీద లోపలి ఊళ్లకు వెళ్లింది. వెళ్తూ వెళ్తూ, "నేనొచ్చేదాక కూసునుడు వరకే చేయించు" అని నాకు అప్పజెప్పింది. అప్పటికి నేను ఫోనులో వీడియోలు చూడటం మొదలుపెట్టాను. తడిబట్టను పిండినట్టు ఒళ్లు మెలితిప్పి, వీపు వెనక చేతులు కలుపుకునే వాళ్ల వీడియోలు. నాకూ అలా వస్తోందని లోపల గర్వం. తునికాకు కోతకు పోయేవాళ్ల కోసం ఆ రోజుల్లో సాయంత్రాలు చేరేవాళ్లం. రెండో రోజున అందరితో అదే చేయించాను. భీమె చేతులు కలవలేదు. నేను వెళ్లి ఆమె వెనక మోకాళ్ల మీద కూర్చుని భుజం పట్టి లాగాను.

"చాలు బిడ్డా" అంది.

"ఇంకొంచెం పెద్దమ్మా" అన్నాను.

ఆమె ఊపిరి ఆగిపోవడం నా చేతికి తెలిసింది. మెల్లగా వెనక్కి తిరిగి, నేల మీద చెయ్యి ఆనించి లేచి, గోడ పట్టుకుని నడిచి వెళ్లిపోయింది. మర్నాడు మంచం మీంచి లేవలేదని తెలిసింది. తునికాకు కోత మొదలై అప్పటికి నాలుగు రోజులే. ఆ కోత పట్టుమని రెండు వారాలు కూడా ఉండదు. ఏడాదిలో ఆమె చేతికి డబ్బు వచ్చేది ఆ రోజుల్లోనే.

రత్నక్క తిరిగొచ్చి, స్కూటీ దిగకుండానే భీమె ఇంటికి పోయింది. పెద్దాసుపత్రిలో చూపించి, ఎముకకు ఏమీ కాలేదని, కండరం పట్టిందని చెప్పించుకుని వచ్చాక నన్ను పిలిచింది. తిడుతుందనుకున్నాను.

"చాలు అన్నదా?"

"అంది."

"విన్నవా?"

"విన్నాను."

కళ్లజోడు తీసి కొంగుతో చాలాసేపు తుడిచింది. తర్వాత, "ఆఫీసుకు సెలవు పెట్టు. రేపటి సంది గూడెపోళ్లతోని అడవికి పో. ఆమె ఆకు నువ్వు కొయ్యి" అంది.

ఎనిమిది రోజులు కోశాను. తెల్లవారుజామునే బయలుదేరి, ఎండ ముదరకముందే మూట నెత్తిన పెట్టుకుని వచ్చేవాళ్లం. చేతులు జిగురెక్కి నల్లబడ్డాయి. పొదపొదకూ వంగుతుంటే నా నడుం ఏమయ్యేదో చెప్పలేను. మధ్యాహ్నం భీమె పక్కన కూర్చుని యాభై ఆకుల చొప్పున కట్టలు కట్టేదాన్ని. ఆమె పక్కకు ఒత్తిగిలి పడుకునే ఉండి, ఆకుల ఈనెలన్నీ ఒకవైపుకు ఎలా సర్దాలో చూపించేది. ఒక మధ్యాహ్నం తనే మాట ఎత్తింది.

"ఆ పొద్దు నా మాట నీకు ఇనబడలేదేమో అనుకున్న బిడ్డా."

అవునంటే సరిపోయేది. ఆమె నమ్మేది. "వినబడింది పెద్దమ్మా" అన్నాను. ఆమె విప్పని ఆకుల మూటను నా వైపు జరిపింది. మిగతావి కట్టాను.

వానలు పడ్డాక భీమె వరండాకు తిరిగొచ్చింది. ఆ రోజు రత్నక్క నన్ను ముందుకు పిలిచి, "నువ్వే చెప్పు. చేతులు వెనక కట్టుకొని చెప్పు" అంది. ఒక మనిషిని తాకకుండా, మాటతోనే తిప్పడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. ఆమె చూపు ఎటు పోతోంది, ఊపిరి ఎక్కడ ఆగుతోంది, అన్నీ చూడాల్సి వచ్చింది. భీమె కొంచెమే తిరిగి ఆగింది. నేనూ ఆగాను. రత్నక్క తల ఊపింది. నా తప్పు మాట ఆ తర్వాత ఆమె ఒక్కనాడూ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

తర్వాతి ఏడాది ఆమెకు గీదం బదిలీ అయింది, నాకు సుక్మా. ఫోనులో మాట్లాడుకునేవాళ్లం. "ఎప్పుడొస్తవ్ పిల్లా?" అని అడిగేది. "వచ్చే నెల అక్కా" అనేదాన్ని. అలా రెండేళ్లు వచ్చే నెలలే గడిచాయి. ఆమెకు పక్షవాతం వచ్చిందన్న కబురు అందాక గానీ బస్సెక్కలేదు.

గీదంలో వాళ్ల చెల్లెలి ఇంట్లో ఉంది. కుడివైపు పడిపోయింది, మాట ముద్దగా వస్తోంది. నేను వెళ్లేసరికి చెల్లెలు ఆమెను పక్కకు ఒత్తిగిలించాలని చెయ్యి పట్టి లాగుతోంది. నేను చేస్తానని దగ్గరికి వెళ్లాను. మోకాళ్లు రెండూ మడిచి, పడిపోయిన చేతిని ఆమె గుండెల మీద చేర్చి, ఆమె ఊపిరి వదిలేదాకా ఆగాను. అప్పుడు మోకాళ్లను, నడుమును, భుజాన్ని కలిపి మెల్లగా తిప్పాను. వీపు వెనక దిండు పెట్టాను. రత్నక్క కళ్లు మూసుకుంది. ఎడమ చేత్తో నా మణికట్టు మీద రెండుసార్లు తట్టింది. "మంచిగ" అంది. ఆ ఒక్క మాటే అర్థమైంది నాకు.

ఆ వేసవి గురించి చెప్పాలనే వెళ్లాను. నన్ను తిట్టకుండా అడవికి పంపినందుకు ఆమెకు ఏదో ఒకటి చెప్పాలి. చెల్లెలు టీ తెచ్చింది. బస్సు టైమైంది. మళ్లీ వస్తాను కదా అనుకున్నాను. ఆ వానాకాలంలోనే ఆమె పోయింది.

ఇప్పుడు సుక్మాలో ఆదివారం పొద్దున ఒక బడి వరండాలో కొంతమంది ఆడవాళ్లకు నేర్పుతున్నాను. అందరం తూర్పుకు తిరిగి ఒకే వరుసలో కూర్చుంటాం, నేను వరుసకు ఎడమ చివర. పోయిన వారం కొత్తగా వచ్చిన పంతులమ్మ ఒకామె అడిగింది.

"మేడం, అందరూ ముందు కుడివైపు తిరగమంటారు కదా, మనం ఎడమతో ఎందుకు మొదలుపెడతాం?"

నేను అంతవరకు గమనించనే లేదు. రత్నక్క ఎప్పుడూ ముందు ఎడమకే తిప్పించేది. స్కూటీ మీంచి ఆ వైపు పడిందా? నేర్పినవాళ్లు అలా నేర్పారా? లేక ఆ వరండాలో ఎడమవైపు వెలుతురు ఉండేదనా? ఏదో ఒక కారణం అల్లి చెప్పవచ్చు. అడగడానికి మాత్రం మనిషి లేదు.

"తెలీదమ్మా. నాకు నేర్పినామె అలా చేయించేది. మీరు కుడితోనే మొదలుపెట్టండి, తప్పేం లేదు" అన్నాను.

వాళ్లంతా ఊపిరి వదులుతూ కుడికి తిరిగారు. నేను ఎడమకు తిరిగాను. అటువైపు ఎవరూ లేరు. ఐదు ఊపిరులూ అటే చూస్తూ ఉన్నాను.