మంచినీళ్లడిగి చూసిన మేడలు

మా పక్కింటి డ్రాయింగు మాస్టారు ఈమధ్యనే ఒక మంగళవారం ఉదయం కన్నుమూశారు. బందరులో ఆయనకు చుట్టాలు లేరు. అయినా సాయంత్రానికి వీధి నిండిపోయింది. వచ్చినవాళ్లలో ఎక్కువమందిది ఒకటే మాట: "మా ఇంటికి మంచినీళ్లకి వచ్చేవారండీ." ఒకావిడ కళ్లొత్తుకుంటూ, "అంత దాహమేమిటి, షుగరు చూపించుకోండి బాబాయిగారూ అని ఎన్నిసార్లు చెప్పానో!" అంది.

ఆయనకు షుగరు లేదు. ఉన్నది పాత ఇళ్ల పిచ్చి. రిటైరయ్యాక, రోజూ ఏదో ఒకటి రాసుకునే అలవాటు నాకుందని, ఆదివారాలు నన్ను స్కూటరెక్కించుకుని పరాసుపేట, ఇంగ్లీషుపాలెం, వలందపాలెం తిప్పేవారు. "ఇల్లు చూస్తామంటే బేరానికొచ్చారనుకుని తరిమేస్తారోయ్. నీళ్లడిగితే ఎవరూ కాదనరు" అనేవారు. ఇంటావిడ నీళ్లు తెచ్చేలోగా ఆయన దూలాలు లెక్కపెట్టేవారు, నేను నోటుపుస్తకంలో ఎక్కించేవాణ్ణి. ఒక గ్లాసు నీళ్లు పావుగంట తాగడం ఆయన దగ్గరే నేర్చుకున్నాను.

పరాసుపేటలో ఒకసారి నీళ్ల తర్వాత సున్నుండలు వచ్చాయి. వాటి వెనకే పట్టుచీరలో అమ్మాయి వచ్చింది. వాళ్లు ఎదురుచూస్తున్న పెళ్లివారం మేమే అనుకున్నారు. ఇంటి పెద్దాయన, "నచ్చిందా అండీ?" అని అడిగాడు. మాస్టారు స్తంభం మీంచి చెయ్యి తియ్యకుండా, "బ్రహ్మాండం! బర్మా టేకు!" అన్నారు.

ఆయన్ని గుమ్మం దాటనివ్వనిది వలందపాలెం మామ్మగారొక్కరే. హాల్లో గోడవారగా మేడెక్కే చెక్కమెట్లున్నాయని మొదటిరోజు చెప్పింది ఆవిడే. వాటి బొమ్మ కోసం మాస్టారు నా నోటుపుస్తకంలో ఒక పేజీ ఖాళీ ఉంచారు. ఆ తర్వాత ఎప్పుడు వెళ్లినా, మేం స్కూటరు దిగేసరికే అరుగు మీద చెంబూ, రెండు గ్లాసులూ సిద్ధం.

"అక్కడే ఉన్నాయి మాస్టారూ, తాగి వెళ్లండి."

"ఎండగా ఉంది పిన్నిగారూ. కాస్త లోపల కూర్చుని..."

"లోపల ఇంకా ఉక్క."

ఆరేళ్లు ఇదే వరస. చివరికి ఆస్పత్రి మంచం మీద కూడా, "ఆ మెట్లెన్నో కనుక్కోవోయ్" అన్నారు నాతో.

మొన్న ఆదివారం కబురు చెప్పడానికి ఒక్కణ్ణే వెళ్లాను. అరుగు మీద చెంబు ఉంది, రెండు గ్లాసులూ ఉన్నాయి. సంగతి విని మామ్మగారు రెండో గ్లాసు బోర్లించింది. తర్వాత, "లోపలికి రా నాయనా" అంది.

హాల్లో మెట్లు లేవు.

"చెదపట్టి ఎప్పుడో కూలిపోయాయి. మొదటిరోజు గొప్పకి ఉన్నాయనేశాను. ఆయన మొహం అట్టా వెలిగిపోయేసరికి, లేవని చెప్పడానికి ఇక నోరు రాలేదు."

ఒకప్పుడు మెట్లున్నంత మేరా సున్నం పడక, వాటి ఆకారం గోడ మీద మెట్టుమెట్టుగా పైకి వెళ్తోంది. లెక్కపెట్టి, ఆ ఖాళీ పేజీలో పంతొమ్మిది అని వేశాను.

"ఇరవై," అంది మామ్మగారు వెనకనుంచి. "కింది మెట్టు బీరువా వెనకుంది."

కొట్టేసి ఇరవై అని రాశాను. తలెత్తి చూస్తే, ఆ ఆకారం ఆగినచోట, అంత ఎత్తున, ఎవరూ అందుకోలేని తలుపు. ఇటువైపు నుంచి జాగ్రత్తగా గొళ్లెం పెట్టే ఉంది.