హెప్సిబా నరికిన కొమ్మ

హెప్సిబా, నేనూ గుడివాడలో ఒకే కాలేజీలో ఇంగ్లీషు చెప్పేవాళ్ళం. పొద్దున్నే ఇద్దరం పామర్రులో బస్సు ఎక్కేవాళ్ళం. సీటు దొరికితే చాలు, ఆమె ఒళ్ళో కాగితాలు పెట్టుకుని దిద్దుకునేది. పిల్లల పరీక్ష పేపర్లు అనుకునేదాన్ని మొదట్లో. కాదు, అది పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథం. ఫిన్నిష్, హంగేరియన్, సైబీరియా మంచులో కొద్దిమంది మాట్లాడే సమోయెడ్ భాషలు, ఇవన్నీ కలిసిన ఉరాలిక్ కుటుంబం గురించి. దివిసీమ పిల్లకి ఈ పిచ్చి ఎక్కడ పట్టిందని అడిగాను.

వాళ్ళ నాన్న మార్కు గారు అవనిగడ్డ దగ్గర పల్లెలో పాస్టరు. ఆయన యెరూషలేము యాత్రకు వెళ్ళి, ఒక చర్చిలో గోడల నిండా రకరకాల భాషల్లో రాసి ఉన్న పరలోక ప్రార్థనను ఫోన్లో ఫోటోలు తీసుకొచ్చారట. డిగ్రీ చదువుతున్న హెప్సిబా వాటిలో ఫిన్నిష్ పలకను పట్టుకుంది. మనం ‘పరలోకమందు’ అన్నట్టే వాళ్ళు కూడా ‘లో’ అనే అర్థాన్ని మాట చివర అతికించారు.

“ఈ భాష మనకి చుట్టమా నాన్నా?” అని అడిగిందట.

“నాకేం తెలుసమ్మా, చదువుకున్నవాళ్ళని అడుగు” అన్నారట ఆయన.

ఆ చదువుకున్నవాడు ఎమ్మేలో దొరికాడు. ప్రొఫెసర్ కామేశ్వరరావు గారు. వయసులో ఉండగా హంగేరీలో చదివి వచ్చిన మనిషి. ఆమె ప్రశ్న విని నవ్వారు.

“చుట్టమని కొందరన్నారు, నిలబెట్టలేకపోయారు. మన సంగతి తర్వాత. ముందు వాళ్ళలో వాళ్ళకి చుట్టరికం ఏంటో తేలాలి. ఆ తగువులోకి వస్తావా అమ్మాయ్?”

ఆమె వెళ్ళింది, ఆయన దగ్గరే పీహెచ్‌డీకి చేరింది. తగువు ఇది. ఉరాలిక్ భాషల మూలభాష మొట్టమొదట రెండుగా చీలిందని పాత పండితుల మాట. ఒక కొమ్మ సమోయెడ్, మిగిలినవన్నీ రెండో కొమ్మ, దాని పేరు ఫిన్నో-ఉగ్రిక్. మాస్టారు ఆ పక్షం. ఆ రెండో కొమ్మ అసలు లేనే లేదనీ, శాఖలన్నీ దువ్వెన పళ్ళలా మూలం నుంచి విడివిడిగా వచ్చాయనీ తర్వాతివాళ్ళ వాదం. వాళ్ళని ఆయన ‘దువ్వెనగాళ్ళు’ అనేవారు. వాళ్ళ నోరు మూయించే సాక్ష్యం పోగుచేయడమే హెప్సిబా పని. సమోయెడ్ విడిపోయాక, మిగతావన్నీ ఇంకా కలిసుండగా కొత్తగా పుట్టిన మాటలు చూపిస్తే ఆ కొమ్మ ఉన్నట్టే. ఆయన రిటైరై బందరులో స్థిరపడ్డాక కూడా ఆమె ఆదివారం ఆరాధన అయ్యాక బస్సెక్కి అక్కడికి వెళ్ళేది. పైసా పుచ్చుకోకుండా హంగేరియన్ నేర్పారు. ప్రసవానికి ఆస్పత్రిలో ఉంటే పుస్తకాలు పట్టుకుని చూడటానికి వచ్చారు. ఆయనంటే ఆమెకి తండ్రి తర్వాత తండ్రి.

సాక్ష్యం దొరకలేదు. రెండో కొమ్మకే సొంతం అనుకున్న మాటలు ఒక్కొక్కటే చేతిలోంచి జారిపోయాయి. అలా జారిపోతున్న రోజుల్లో బస్సులో ఆమె కాగితాలు తీయడం మానేసి కిటికీలోంచి చూస్తూ కూర్చునేది. కాలేజీవాళ్ళు అప్పటికే చెప్పేశారు, డాక్టరేటు లేనివాళ్ళని వచ్చే ఏడాది ఉంచుకోబోమని. విశ్వవిద్యాలయం ఇచ్చిన గడువు పొడిగింపుల్లో కూడా ఇదే ఆఖరిది. ఆఖరి అధ్యాయం మాత్రం నడవటం లేదు.

చివరికి ధైర్యం చేసి మాస్టారికి చెప్పింది. ఆ రోజు నన్ను తోడు తీసుకెళ్ళింది. ఆయన వరండాలో పడక్కుర్చీలో ఉన్నారు.

“మాస్టారూ, ఈ మాటలు సమోయెడ్‌లో లేవు, మిగతావాటిలో ఉన్నాయి. అంతవరకే మనకి తెలుసు. అవి కొత్తగా పుట్టాయని ఎలా అంటామండీ?”

“మరెక్కడివి?”

“పాతవే అయ్యుండచ్చు కదండీ. సమోయెడ్ వాళ్ళు పోగొట్టుకుని ఉండచ్చు. నలుగురు అన్నదమ్ముల్లో ముగ్గురికి నాయనమ్మ పాట గుర్తుంది, దూరం వెళ్ళిన నాలుగోవాడు మర్చిపోయాడు. అంతమాత్రాన ఆ ముగ్గురిదీ వేరే తల్లి అనలేం కదా?”

ఆయన పడక్కుర్చీలో నిటారుగా లేచి కూర్చున్నారు. తర్వాత అన్నారు, “దువ్వెనగాళ్ళు నీ బుర్ర తినేశారు.”

“వాళ్ళు కాదండీ. మీరు చెప్పిన పద్ధతిలోనే చూశాను.”

“నేను చెప్పినట్టు రాస్తే సంతకం పెడతాను. లేకపోతే ఇంకో మాస్టారిని చూసుకో.” లేవబోయి మళ్ళీ కూర్చున్నారు. “నా జీవితమంతా ఆ చెట్టే అమ్మాయ్.”

గడువు ముందు ఇంకో మాస్టారు ఎక్కడ దొరుకుతారు? తిరుగు బస్సులో ఆమె ఏడవలేదు. ముందు సీటు కమ్మీని రెండు చేతులతో పట్టుకుని కూర్చుంది. పామర్రులో దిగేటప్పుడు వేళ్ళు ఊడదీసుకోవడానికి ఇబ్బంది పడింది.

భర్త శ్యాంబాబు ముదినేపల్లిలో చేపల చెరువుల మీద సూపర్వైజరు. మంచివాడు. “ఎక్కడో మంచులో మాట్లాడుకునే భాషలు హెప్సీ. అవి రెండు కొమ్మలైతే ఏంటి, పదైతే ఏంటి? ఆయన చెప్పినట్టు రాసెయ్. మనం బతకాలి” అన్నాడు. అందులో తప్పేం ఉంది? నేనూ అదే అన్నాను.

రాసింది. రెండో కొమ్మ ఉందని, గట్టిగా ఉందని, తన చేత్తో రాసింది. బైండింగ్ చేసిన గ్రంథం ఇంటికి తెస్తే పైనున్న బంగారు అక్షరాలను పిల్ల ముట్టుకోబోయింది. ఎన్నడూ లేనిది కసిరింది.

మౌఖిక పరీక్షకు శ్యాంబాబు, నేనూ వెళ్ళాం. అతని సంచిలో అందరికీ పంచడానికి బందరు హల్వా పొట్లాలున్నాయి. మాస్టారు ఇస్త్రీ పంచె కట్టుకుని ముందు వరసలో కూర్చున్నారు. పరీక్షకుడిగా వచ్చినాయన నెమ్మదస్తుడు. గ్రంథం తిప్పుతూ, మామూలుగానే అడిగాడు.

“ఆఖరి అధ్యాయంలో మాటలన్నీ ఫిన్నో-ఉగ్రిక్ దశలో కొత్తగా పుట్టాయని తేల్చారు. సమోయెడ్ పోగొట్టుకుని ఉండదని ఎలా చెప్తారమ్మా?”

రాసిందే చెప్తే అయిపోయేది. గ్రంథంలో దానికి జవాబు ఉంది, ఆమె బస్సులో నాకు చాలాసార్లు అప్పజెప్పింది కూడా. ఆమె మాస్టారి వైపు చూసింది. ఆయన తల చిన్నగా ఊపారు, చెప్పు అన్నట్టు.

“చెప్పలేనండీ” అంది.

“అంటే?”

“ఆ అధ్యాయం నేను నమ్మట్లేదండీ.”

శ్యాంబాబు నా పక్కనే “అయ్యో హెప్సీ” అన్నాడు, పైకే.

మళ్ళీ రాసి సమర్పించమన్నారు. రాయడానికి గడువు లేదు. అర్జీ పెట్టుకుంది, తిరస్కరించారు. వేసవిలో కాలేజీ ఆమెను ఆపేసింది. హల్వా పొట్లాలు ఎవరూ విప్పలేదు, శ్యాంబాబు చెరువు దగ్గర పనివాళ్ళకి ఇచ్చేశాడట.

అప్పుడు కూడా ఆమె బందరు వెళ్ళింది, క్షమాపణ చెప్పడానికి. మాస్టారు తలుపు తీశారు గానీ లోపలికి రమ్మనలేదు. గుమ్మంలోనే నిలబడి, “నీ లెక్క ఒప్పేనా? అంతా సరిచూసుకున్నావా?” అని అడిగారట.

“చూశానండీ. పోనీ ఎక్కడైనా తప్పు దొరుకుతుందేమోనని చాలా చూశాను.”

“అయితే ఇన్నాళ్ళూ నేను చేసిందేంటమ్మాయ్?”

ఆయన నెమ్మదిగా తలుపు వేసుకున్నారు. మళ్ళీ ఫోన్ చేస్తే ఎత్తలేదు. ఆయన ఉన్నారు, ఆరోగ్యంగానే ఉన్నారని ఎవరో చెప్పారు. అంతే.

ఇప్పుడు హెప్సిబా చల్లపల్లిలో ఒక ప్రైవేటు స్కూల్లో ఆరో తరగతికి స్పెల్లింగులు చెప్తోంది. మొన్న పామర్రు సెంటర్లో కనిపిస్తే బస్సు వచ్చేదాకా నిలబడి మాట్లాడుకున్నాం. బాగా చిక్కిపోయింది. ఆ పుస్తకాలన్నీ అట్టపెట్టెల్లో కట్టి నాన్న ఇంట్లో పెట్టేసిందట.

“ఆ రోజు ఆ మాట అనకుండా ఉండాల్సిందని ఎప్పుడైనా అనిపిస్తుందా?” అని అడిగాను.

“రోజూ అనిపిస్తుంది ఝాన్సీ గారూ. పొద్దున్న లేవగానే అనిపిస్తుంది.” కొంగుతో మొహం తుడుచుకుంది. “శ్యాం ఏమీ అనడు. అంటే బావుండు. మాస్టారు తిడితే బావుండు. ఎవరూ ఏమీ అనరు.”

చల్లపల్లి బస్సు వచ్చింది. జనం తోసుకుంటున్నారు. ఆమె ఎక్కి, లోపల ఎక్కడో నిలబడింది. కిటికీల్లో వెతికాను గానీ కనపడలేదు.