గొడుగు కింద విత్తనం

తొంభైల చివర్లో, ఉరవకొండ దగ్గర మా పల్లెలో మబ్బు పడితే రైతులకంటే ఎక్కువ సంబరపడేదాన్ని నేనే. నాకు లూపస్ వచ్చింది. కాపలా కుక్క దొంగల్ని వదిలేసి ఇంటివాళ్ళనే కరిస్తే ఎట్లా ఉంటుందో ఈ జబ్బు అట్లాంటిదని డాక్టరు చెప్పాడు. కీళ్ళు వాస్తాయి, ఎండ తగిలితే చెంపలు ఎర్రగా కందిపోతాయి. "ఎండలోకి పోవద్దమ్మా" అన్నాడు. అనంతపురం జిల్లాలో! చేపను నీళ్ళలోకి పోవద్దన్నట్టే.

ఆయన ఇచ్చిన మాత్రలకు మొహం పూరీలా పొంగింది. దారిలో కనిపించినవాళ్ళదంతా ఒకటే మాట: "ఈ కరువులో మేమంతా ఎండిపోతాంటే నువ్వొక్కదానివే ఒళ్ళు చేసినావు. ఏం తింటాండావమ్మే?" మాత్రల వల్ల వచ్చిన పొంగు అంటే ఎవరూ నమ్మలేదు.

దానికితోడు నా నల్ల గొడుగు. అది చూస్తే మా అత్తకు ఒళ్ళు మండేది. "వాన రాకముందే గొడుగు ఇప్పితే వాన యాడ నుంచి వస్తాదే? అలిగి పోదా?" అనేది. ఆ ఏడు వాన ఆలస్యమైతే నేరం నా గొడుగు మీదే పడింది.

ఇవన్నీ నవ్వి తోసేశాను. గొర్రు వెనక నా చోటు పోతుందేమోనన్న భయాన్ని మాత్రం తోసేయలేకపోయాను. మా వైపు వేరుశనగ విత్తేటప్పుడు ఎద్దులు గొర్రు లాగుతుంటే, ఆడవాళ్ళం ఒడిలో గింజలు కట్టుకుని వెనకే నడుస్తూ, సాల్లోకి దిగే గొర్రు గొట్టాల్లో తలా ఒకదాంట్లోకి ఒక్కో గింజ వదులుతాం. నాది మంచి చేయి అని పేరు. కాపురానికి వచ్చినప్పటి నుంచీ మొదటి గింజ నాదే. ఇప్పుడేమో పొద్దున జాకెట్ హుక్కు పెట్టుకోవడానికే వేళ్ళు వంగవు.

చివరికి వాన పడింది. నేలలో పదును ఆరేలోగా విత్తాలి. ఎవరినీ అడగకుండా ఒడి కట్టుకున్నాను. రెండు సాళ్ళు తిరిగేసరికి మబ్బు విడిపోయి ఎండ కాసింది. గింజలు వదులుతూ గొడుగు పట్టలేను కదా. కొంగు తల మీదికి లాక్కుంటుంటే నీడ పడింది. అత్త! నా గొడుగు పట్టుకుని పక్కనే నడుస్తోంది.

"వాన అలగదా అత్తా?" అన్నాను.

"పడినాది కదా. ఇంక అలిగితే అలగనీ. ముందు చూసి నడువు."

వారం దాటాక మొలకలు వచ్చాయి. నా సాళ్ళు దూరం నుంచే తెలిసిపోయాయి. ఒకచోట మూడు మొలకలు గుంపుగా, ఆ తర్వాత రెండు బారల ఖాళీ. సిగ్గుతో చచ్చిపోయాను. చూడవచ్చిన పక్క చేను ఆమెతో అత్త, "కాకులు పెరికినాయమ్మా" అంది. నా సాళ్ళనే ఏరుకుని తినే కాకులు ఎక్కడా ఉండవని వాళ్ళిద్దరికీ తెలుసు.

మరుసటి ఏడు వాన పడినప్పుడు, ఎవరూ వద్దనకముందే నేనే ఇంట్లో కూర్చున్నాను. అత్త గింజల గంప తెచ్చి నా ముందు పెట్టింది. ఆమె చంకలో నా గొడుగు ఉంది.

"లెయ్యి, ఒడి కట్టుకో" అంది. "కాకులు కూడా బతకాల గదా."