మొదటి మూడు ఛాన్సులు కొట్టకూడదట

మా వదిన రాయచోటి నుంచి కర్నూలుకు కాపురానికి వచ్చినప్పుడు చీరల కింద ఒక కార్డుల కట్ట పెట్టుకుని వచ్చింది. పేకముక్కలు కావు. ఒక్కో కార్డు మీద ఒక జంతువో, రాక్షసుడో, యోధుడో ఉంటాడు. ఎవరికి వాళ్లు నచ్చిన కార్డులు ఏరి కట్ట కూర్చుకుని, ఇద్దరిద్దరు ఎదురెదురుగా కూర్చుని ఆడతారు. రెండు వేల సంవత్సరం దాటిన కొన్నేళ్లకు, టీవీలో వచ్చే బొమ్మల కార్యక్రమాల పుణ్యమా అని ఆ పిచ్చి మా ఊళ్లకూ పాకింది. వదిన తమ్ముడు బెంగళూరులో చదువుతూ సెలవులకు వచ్చినప్పుడల్లా కార్డుల ప్యాకెట్లు తెచ్చేవాడు. వాళ్లది బట్టల కొట్టు. మధ్యాహ్నం బేరాలు లేనప్పుడు అక్కా తమ్ముడూ తానుల మధ్య చాప పరుచుకుని ఆడుకునేవాళ్లట.

మా అన్నకూ అదే పిచ్చి. హైదరాబాదులో హాస్టల్లో నేర్చుకుని వచ్చాడు. మాది నూనెల వ్యాపారం. ఆదివారం కొట్టు మూసేశాక, పైన మిద్దెగదిలో అన్న, అతని స్నేహితులు ముగ్గురు చేరి ఆడేవాళ్లు. నేనప్పుడు డిగ్రీ చదువుతున్నాను. వాళ్లకు టీలు మోయడం నా పని. మొగుడూ పెళ్లాలకు ఒకటే ఆట తెలిసి ఉండటం చూసి, ఇంట్లో అందరికంటే ఎక్కువ సంబరపడింది నేనే.

ఆ ఆటలో ఇద్దరికీ చెరి ఇరవై ప్రాణాలు. ఎవరివి ముందు అయిపోతే వాళ్లు ఓడిపోయినట్టు. ఛాన్సు ఛాన్సుకూ బలం కొంచెం కొంచెం పెరుగుతుంది. చిన్న జంతువును మొదటి ఛాన్సులోనే ఆటలోకి దించొచ్చు. పెద్ద డ్రాగన్ దిగాలంటే ఏడెనిమిది ఛాన్సులు కాచుకోవాలి. దించిన జంతువుతో ఎదుటివాడి జంతువును కొట్టొచ్చు, లేదా దాన్ని వదిలేసి నేరుగా అతని ప్రాణాల మీదికే పోవచ్చు. అన్న కట్ట నిండా బంగారు అంచు డ్రాగన్లే. అవి దిగేదాకా ఊరికే కాచుకుంటూ, టీ తాగుతూ, కబుర్లు చెబుతూ ఆడేవాడు. వాళ్లందరి ఆటా అంతే.

వదిన మొదటిసారి పైకి వచ్చి కూర్చున్న ఆదివారం, మొదటి ఛాన్సులోనే ఎలుకలాంటి చిన్న జంతువును దించింది. రెండో ఛాన్సులో ఇంకో రెండు. దించినవన్నీ కొడుతూనే ఉన్నాయి. అన్న మొదటి డ్రాగన్ దిగేసరికి అతనికి నాలుగు ప్రాణాలు మిగిలాయి. వదిన ఆ డ్రాగన్ వైపు చూడను కూడా చూడలేదు.

"అదేంది, నా డ్రాగన్‌ను వదిలేసి నన్ను కొడతాండావు?" అన్నాడు అన్న.

"డ్రాగన్ సచ్చిపోతే నేను గెలిచినట్ల కాదు గదండీ. మీ ప్రాణాలు అయిపోతేనే గదా!" అంది వదిన.

స్నేహితులు పకపకా నవ్వారు. అన్న కూడా నవ్వాడు. రెండో ఆటలోనూ ఓడిపోయాడు. అప్పుడు నవ్వలేదు. తర్వాత ఆ ముగ్గురూ ఒకరి తర్వాత ఒకరు ఆడి ఓడిపోయారు. కిందికి దిగేటప్పుడు మెట్ల మీద వదిన నా చెయ్యి పట్టుకుని గట్టిగా నొక్కింది. ఆమె ముఖం అంతగా వెలగడం మా ఇంట్లో అదే మొదటిసారి చూశాను.

మరుసటి ఆదివారం ఆమె కూర్చోగానే అన్న చెప్పాడు. "మొదటి మూడు ఛాన్సులు ఎవరూ కొట్టకూడదు. ఈడ మా రూలు అది."

"ఎప్పట్నుంచి?" అని నేనడిగాను.

"మొదట్నుంచీ ఉండాది. ఆ పొద్దు చెప్పడం మర్సిపోయినామంతే."

పచ్చి అబద్ధం. అన్ని ఆదివారాలు ఆ గదిలో టీ గ్లాసులతో నిలబడి చూసినదాన్ని, నాకు తెలియదా? స్నేహితుల్లో ఒకడు ఇంకో మాట కలిపాడు. "ఊరికే మీద పడి గుద్దేదాంట్లో తెలివేముండాది వదినా? ఆడమనిషి అట్ల ఆడితే సూసేదానికి కూడా బాగుండదు."

నా చేతిలోని పళ్లెం వాడి నెత్తిన వెయ్యాలనిపించింది. వేసి ఉంటే బాగుండేది.

వదిన వాదించలేదు. ఆ రూలుతోనే ఆడి ఓడిపోయింది. ఓడక ఏమవుతుంది? ఆ చిన్న జంతువుల బలమంతా ఆ మొదటి మూడు ఛాన్సుల్లోనే ఉంది. అది కట్టేస్తే, డ్రాగన్లు తీరిగ్గా దిగి వాటిని తొక్కేస్తాయి. "ఇప్పుడు చూడు, ఇదీ ఆటంటే!" అన్నాడు అన్న. రెండు వారాలు అట్లా ఓడి, ఆమె పైకి రావడం మానేసింది. నేను టీ తీసుకుపోవడం మానేశాను. అమ్మ కేకలేసినా పోలేదు.

మధ్యాహ్నాలు వంటింటి వెనక గదిలో వదిన నాకు ఆట నేర్పింది. నేను మొదట్లో కసిగా, కనిపించిన ప్రతి జంతువునూ కొట్టేదాన్ని.

"కోపంతో ఆడేది కాదు పాపా ఇది," అనేది. "మన కట్టకు ఆయుష్షు తక్కువ. ఆట ఎంత సాగితే అవతలోళ్లకు అంత లాభం. వాళ్ల పెద్ద కార్డు దిగేలోపల మనం ముగించల్ల. అందుకే అన్నీ చిన్నవే పెట్టుకునేది. ఒక్క పెద్దది చేరినా అది చేతిలో ఊరికే కూర్చుంటాది."

"అయితే వాళ్ల జంతువుల్ని అసలు కొట్టనే కూడదా?"

"మన దోవకు అడ్డం వచ్చేదాన్ని కొట్టు. మిగతావాటిని వదిలెయ్. యాది అడ్డమో, యాది కాదో చూసుకునేదే ఈ ఆట. గుద్దేది కాదు."

తెలివి లేదన్నవాళ్లు ఆ మాటలు వినాల్సింది.

కొన్ని నెలలకు కడపలో ఎవరో కాలేజీ కుర్రాళ్లు ఈ కార్డులకు పోటీ పెట్టారు. అక్కడ మూడు ఛాన్సుల రూలు లేదు. అన్న ఒక స్నేహితుణ్ణి వెంటబెట్టుకుని పొద్దున్నే బస్సెక్కాడు. అతను పోయాక, చీరలు సర్దుకుందామని బీరువా తెరిచిన వదిన అట్లాగే నిలబడిపోయింది. కట్ట లేదు.

అన్న సాయంత్రం తిరిగొచ్చి చెప్పులు విడుస్తూనే, "నీ కట్ట ఉత్త డొల్ల. మొదటి ఆటలోనే పోయినా," అన్నాడు.

వదిన కట్ట అందుకుని ఒక్కో కార్డూ చూసింది. మధ్యలో బంగారు అంచు డ్రాగన్లు.

"నా కార్డులు యాడ?"

"ఆ ఎలుకలా? తీసేసి మంచియి పెట్టినా. అవి ఆడనే ఎవరో అడిగితే ఇచ్చేసినా. చిన్నవే గదా!"

"ఆట అయిపోయేసరికి మీ చేతిలో ఏమన్నా మిగిలినాయా?"

"డ్రాగన్లు మిగిలినాయి. దించే టయిమే ఇయ్యలేదు వాళ్లు."

"ఇయ్యరు," అంది వదిన. "నేనూ ఇయ్యలేదు మీకు. నేనట్ల ఆడితే తెలివితక్కువ, సిగ్గుమాలిన ఆట. మీరు ఆడల్లనుకుంటే మాత్రం బీరువా తెరిచి ఎత్తుకపోతారు. నన్ను అడగల్లని కూడా తోయలేదా మీకు? అవి నేనూ మా తమ్ముడూ ఒక్కొక్కటే ఏరుకున్న కార్డులండీ!"

ఆమె గొంతు పెంచడం మా ఇంట్లో అదే మొదలు. వంటింట్లోంచి అమ్మ వచ్చింది. "అట్టముక్కల కోసం మొగుని మీద అరుస్తాండావా? వీధిలోకి ఇనపడతాంది," అంది. అన్ననేమీ అనలేదు. అతను కాళ్లు కడుక్కోవడానికి పెరట్లోకి పోయాడు. నాన్న టీవీ గొంతు పెంచాడు. నేను అమ్మ మీద అరిచాను. అన్నను దొంగ అన్నాను. అమ్మ నా చెంప మీద కొట్టింది. ఇంత గొడవలో, తప్పు చేసినవాడు తప్ప అందరూ ఏదో ఒకటి పడ్డారు.

వదిన తమ్ముడు బెంగళూరులో ఎంతో వెతికాడు. ఆ రకం ప్యాకెట్లు రావడం ఆగిపోయిందన్నారు. మిగిలిన కార్డులతో మేమిద్దరం కొన్నాళ్లు ఆడాం. కానీ ఆ కట్టకు మునుపటి ఊపు లేదు. వదినకు పిల్లలు పుట్టాక అది కూడా ఆగిపోయింది.

తర్వాత కొన్నేళ్లకు కల్లూరులో మా బంధువుల గృహప్రవేశం. భోజనాల దగ్గర ఎవరి పిల్లలో కార్డులాడుతుంటే అన్న అందరికీ వినబడేలా, "మా ఇంట్లోదీ శానా బాగా ఆడతా ఉండె. నేనే నేర్పించినా," అన్నాడు.

నేను విస్తరి ముందు నుంచి లేచాను. "నువ్వేం నేర్పలేదన్నా. ఆమె కట్ట చెప్పకుండా ఎత్తుకపోయి, చెడగొట్టి, కడపలో ఓడిపోయొచ్చినావు."

అన్న ముఖం ఎర్రబడింది. "ఎప్పటి మాటలో తవ్వుతాండావు," అని గొణిగాడు. తిరుగు దారిలో షేర్ ఆటోలో వదిన నా పక్కన కూర్చుంది. తిడుతుందేమో అనుకున్నాను.

"ఆయన ఒప్పుకుంటాడని చెప్పినావా పాపా?"

"లేదు. నోరు మూసుకుంటాడని చెప్పినా."

"మూసుకోడు," అంది వదిన. బయటికి చూస్తూ, "అయినా మంచి పని చేసినావు," అంది.

ఆమె అన్నట్టే అయ్యింది. మొన్న కూడా ఎవరితోనో, ఆమెకు ఆట తనే నేర్పించానని చెప్పాడట. నేను అక్కడ లేకపోయాను.