కారణం గడిలో రాసిన మాట

కొత్త భాగం తయారీ మొదలైన మొదటి మూడు నెలలు ఏ ఫ్యాక్టరీకైనా భయం నెలలే. యంత్రం కుదురుకోదు, కొలత కుదురుకోదు, అవతల కార్ల కంపెనీ వాళ్లకు నమ్మకం కుదరదు. అందుకని ఆ మూడు నెలలూ పదింటికొకటి చూసి పంపడం ఉండదు. ప్రతి ముక్కనూ మనిషి చేత్తో పట్టుకుని చూడాల్సిందే. నాయుడుపేట దగ్గరి ఫ్యాక్టరీలో మేం ఆరుగురు ఆడవాళ్లం ఆ పనికి కూర్చున్నాం. చక్రం బేరింగులో అమరే ఉక్కు రింగులవి. చూసిన ప్రతి రింగు అంచునా ఎవరి రంగు చుక్క వాళ్లు పెట్టాలి. నాది ఆకుపచ్చ. మూడు నెలలూ ఫిర్యాదు రాకపోతే పర్మనెంటు చేస్తామన్నారు. ఒక్కటి వచ్చినా ఆ చుక్క ఎవరిదో వాళ్లకు చెకింగు బల్ల దగ్గర చోటు లేదన్నారు.

మాది చిట్టమూరు మండలంలో పులికాట్ సరస్సు ఒడ్డున ఒక ఊరు. నాన్న, ఇద్దరు అన్నలు చేపల వేటకు పోతారు. కంపెనీ బస్సు ఆగే చోటికి రోజూ మూడు కిలోమీటర్లు నడిచేదాన్ని.

కోసిన రింగు అంచున కంటికి కనిపించనంత సన్నని మొన మిగులుతుంది. దాన్ని బర్ అంటారు. వేలితో తడిమితేనే తెలుస్తుంది. కంపెనీ ఇచ్చిన గ్లౌజులు దుప్పటంత మందం. వాటితో తడిమితే రింగుందో లేదో కూడా తెలియదు. రెండో వారంలో నా కుడి గ్లౌజుకు బొటనవేలు, చూపుడువేలు కొసలు కత్తిరించేశాను. అది తప్పని నాకు తెలుసు. మా క్వాలిటీ ఇంజనీరు కూడా చూశాడు. కోవూరు వైపు మాగాణి ఉన్న ఇంటివాడు. ఏమీ అనలేదు సరికదా, కార్ల కంపెనీ వాళ్లు వచ్చిన రోజు నా వెనక నిలబడి, "ఈ పిల్ల వేలికి దొరకని బర్ లేదు సార్" అన్నాడు. ఆ మాట గుర్తుంది. అదే రోజు వాళ్లకు నా పేరు తప్పు చెప్పిందీ గుర్తుంది.

పదకొండో వారంలో చెన్నైలోని ఆ కార్ల కంపెనీ నుంచి ఒక పెట్టె వెనక్కి వచ్చింది. లోపలి రింగుల మీద నూనె కింద గోధుమరంగు మరకలు. దగ్గరగా చూస్తే మరకలో గీతలు కనిపించాయి. వేలిముద్రలు. మరకలున్న రింగులన్నిటికీ ఆకుపచ్చ చుక్కే.

ఇంజనీరు ఒకటి తీసి నా ముఖం ముందు పట్టుకున్నాడు. "ఇది ఎవరి వేలమ్మా?"

"చుక్క నాదే సార్. నూనె సరిగా పట్టలేదేమో."

"నూనె అందరికీ ఒకటే గదా. పచ్చచుక్కకే ఎందుకు పట్టాలి తుప్పు? ఉప్పు చేతులమ్మా మీవి. సముద్రంలో పుట్టి పెరిగినోళ్లు, కడిగితే మాత్రం పోతాదా."

వెనక ఇద్దరు నవ్వారు. ఎవరెవరో చెప్పగలను.

"మాది సముద్రం గాదు సార్, పులికాట్." అప్పుడు నోటికొచ్చింది అదొక్కటే.

"రెండూ ఉప్పే గదమ్మా" అన్నాడు, వెళ్లిపోతూ.

అంతటితో పోతే నా ఒక్కదాని సంగతిగా ఉండేది. బుధవారం పొద్దున బల్లకు ఎదురుగా ఉన్న బోర్డు మీద ఫిర్యాదుకు జవాబు అతికించారు. 'కారణం' అన్న గడిలో 'తీర గ్రామాల ఆపరేటర్ల చేతుల్లో ఉప్పు' అని రాసి ఉంది. 'చర్య' అన్న గడిలో 'ఇకమీదట ఆ గ్రామాల వారిని చెకింగుకు తీసుకోకూడదు' అని. మా వీధి ఆడపిల్లలు ఇద్దరు ముందు వారమే ఇక్కడికి దరఖాస్తు పెట్టుకున్నారు. ఫారాలు నింపింది నేనే. ప్లాంటు మేనేజరు సంతకం పెడితే ఆ కాగితం శనివారం చెన్నైకి పోతుంది.

ఆ సాయంత్రం టీ టైములో మేనేజరు గది ముందు నిలబడ్డాను. "అందరం కడిగిన రింగు మీద వేలు పెడతాం సార్. ఎవరిది తుప్పు పడుతుందో చూద్దాం. ఇంజనీరు సార్ కూడా పెట్టాలి."

ఆయన నన్ను వదిలించుకోవడానికే ఒప్పుకున్నాడు. ఏడుగురం ఏడు రింగులు నొక్కాం. పేర్లు కట్టి, నూనెలో ముంచి, సంచుల్లో వేసి స్టోరు గదిలో పెట్టారు. శనివారం తెరవాలి.

భయపడితే నా అరచేతులు తడుస్తాయి. చిన్నప్పటి నుంచీ అంతే. రింగు నొక్కేముందు మూడుసార్లు చున్నీకి తుడుచుకున్నాను. నాలుగోసారి తుడవబోతే ఇంజనీరు చూశాడని మానేశాను. ఆ మూడు రోజులూ ఆ నాలుగోసారి గురించే ఆలోచించాను. అన్నం కలుపుతున్నా నా వేళ్లనే చూసుకునేదాన్ని. పక్కన కూర్చునే నెల్లూరు అక్క గమనించింది.

"ఎందుకే ఇంత పంతం నీకు? తల వంచుకోని ప్యాకింగుకు పో. రెండు నెలలు పోతే ఆయనే మర్చిపోతాడు."

"నేను మర్చిపోను గదక్కా."

"అదేలే నీతో వచ్చిన తంటా. పోయిన నెల చేపల వాసనని నీ క్యారియర్ నేను తీసి పక్కన పెట్టినాననేది కూడా ఇంకా లెక్కలోనే ఉండాది గదా."

ఉంది. నా క్యారియర్ మూత పెట్టేశాను.

శనివారం మధ్యాహ్నం మేనేజరు ముందే సంచులు విప్పారు. ఐదు రింగులు అద్దంలా ఉన్నాయి. నా రింగు మీద బొటనవేలు మొత్తం అచ్చు దిగింది. ఇంజనీరు రింగు మీద కూడా సన్నగా రెండు గీతలు ఉన్నాయి.

"ఆ రోజు మధ్యాహ్నం అన్నం తిని చెయ్యి సరిగా కడుక్కున్నట్టు లేదు సార్" అన్నాడాయన.

"మీకైతే అన్నం. మాకైతే పుట్టిన ఊరు" అన్నాను.

మేనేజరు నా వైపు చూశాడు. "తుప్పు పట్టింది గదమ్మా. ఇంకేం కావాలి నీకు?" పెన్ను మూత తీశాడు.

ఊరుకుంటే ఆ కాగితం అలాగే పోతుంది. నోరు విప్పితే తప్పు నా ఒక్కదానిదని తేలుతుంది. జేబులోంచి కుడి గ్లౌజు తీసి ఆయన బల్ల మీద పెట్టాను. కత్తిరించిన రెండు కొసల్లోంచి బల్ల కనిపిస్తోంది.

"కారణం ఇది సార్. నేనే కోసుకున్నా, రెండో వారంలో. నా చేతులకు చెమట ఎక్కువ. మా ఊళ్లో అందరికీ ఉండదు. మా ఊరి పేరు తీసెయ్యండి, నా పేరు రాయండి."

"ఇంజనీరు గారికి తెలుసా ఇది?"

నేను ఇంజనీరు వైపు చూశాను. ఆయన కిటికీ వైపు చూశాడు. "తెలుసు సార్" అన్నాను.

కొత్త కాగితం రాశారు. ఇంజనీరుకు తెలుసన్న మాట అందులోకి రాలేదు. రెండుసార్లు అడిగినా రాయలేదు. తక్కినదంతా ఒక్కో పదం పట్టుకుని చదివాను. 'ఒక ఆపరేటరు గ్లౌజు కత్తిరించి వాడుట.' పక్కన నా పేరు. ఊరు లేదు, నాన్న చేసే పని లేదు. సంతకం పెట్టాను.

బయటికొస్తే అక్క ఎదురొచ్చింది. "నీ చేత్తో నువ్వే పోగొట్టుకున్నావు గదే. ఎవురు చదవతారు ఆ కాయితాన్ని?"

"మా వీధి పిల్లల ఫారాలు చూసేవాళ్లు చదువుతారక్కా."

సోమవారం హాజరు పట్టీలో నా పేరు ప్యాకింగు వాళ్ల కింద ఉంది. మూడు నెలలు నిండడానికి ఇంకా పదకొండు రోజులు.