పెద్ద వడ్లాయన

1957. నిర్మల్‌లో బడి కడుతున్నాం. నేను పి.డబ్ల్యు.డి. ఓవర్సీర్ని. అంటే అందరి పనీ చూస్తూ, ఏ పనీ చేతగానివాణ్ణి. ఆర్కిటెక్ట్ అంటే నాకు దేవుడి తర్వాత దేవుడు. ఆ మాటకు అర్థమేమిటో మాత్రం ఏనాడూ చూసుకోలేదు. నా మూర్ఖత్వమంతా అక్కడే.

హైదరాబాదు నుంచి ఆర్కిటెక్ట్ గారి నక్ష వచ్చింది. పైకప్పును మోసే కర్రల చట్రాన్ని ట్రస్ అంటాం. దాని కాళ్లు ఎడం జరగకుండా పట్టి ఉంచే అడుగు దూలం టై బీమ్. నక్షలో ఆ దూలాన్ని రెండు ముక్కలుగా చూపి, సరిగ్గా మధ్యలో అతికారు. అది చూసి మా వడ్రంగి, వడ్ల రాజయ్య, బాడిశ కింద పెట్టేశాడు.

"నడిమిట్ల అతుకేస్తె నడుమిరుగుతది సారూ. కింద పోరగాండ్లు కూసుంటరు. టేకు జంగల్ పక్కన్నే ఉండంగ అతుకెందుకు? పొడుగు కట్టె ఒక్కటే ఏద్దాం."

"ఆర్కిటెక్ట్ అంటే ఏందనుకున్నవ్? నువ్వు వడ్లోనివి. చెప్పినట్టు కొయ్యి!"

"గీ చేతులతోటి గా అతుకు కొయ్య. ఇంకెవలనన్న తెచ్చుకోండ్రి" అని సంచి భుజాన వేసుకుని వెళ్లిపోయాడు.

ఆయన లేకపోతే వానల్లోపు కప్పు లేవదు. ఆ సాయంత్రం హెడ్మాస్టరు గారి దగ్గర మొరపెట్టుకున్నాను. ఆయన పెద్ద ఇంగ్లీషు నిఘంటువు తెరిచారు.

"చూడుండ్రి ఓవర్సీర్ సాబ్, ఇది గ్రీకు మాట. 'ఆర్ఖి' అంటే పెద్ద. 'టెక్టోన్' అంటే కట్టేటోడు, అసలుకైతే వడ్లాయన. మన సంస్కృతంల వడ్రంగిని 'తక్షకుడు' అంటరు గద, రెండూ ఒక్క తల్లి పిల్లలే."

"అయితే ఆర్కిటెక్ట్ అంటే..."

"పెద్ద వడ్లాయన. మీరు పొద్దుగాల ఎల్లగొట్టింది ఆయన్నే."

మన టేకు కూడా ఆ టెక్టోన్‌కు చుట్టమేనా అని అడిగాను. ఆయన నిఘంటువు మూసేశారు.

తెల్లవారి రాజయ్య ఇంటికి వెళ్లి తప్పు ఒప్పుకుని, ఆ అర్థం చెప్పాను. "గ్రీకోళ్లెవలో గని మంచోళ్లే ఉన్నట్టున్నరు" అంటూ సంచి అందుకున్నాడు.

ఒకే దూలం వేస్తామని హైదరాబాదుకు రాస్తే, వడ్రంగుల సలహాలు మాకు పంపవద్దని జవాబొచ్చింది. పంపలేదు. దూలం వేశాం. రాజయ్య కర్ర మీద అరచెయ్యి ఆనించి లోపలి ముడి ఎక్కడుందో చెప్పేవాడు. అతుకు తప్పనిసరైన చోట ఆయన అతికితే వెంట్రుక దూరదు. కాగితం చూడటం నాకు కాలేజీ నేర్పింది, కర్రను చూడటం ఆయన నేర్పాడు.

పని ముగిశాక రిపోర్టులో 'ఆర్కిటెక్ట్' అన్న గడిలో 'వడ్ల రాజయ్య, నిర్మల్' అని రాశాను. సంజాయిషీ అడుగుతూ మెమో వచ్చింది. నిఘంటువులోని నాలుగు పంక్తులూ నకలు చేసి పంపుతూ, అడుగున ఒక్క వాక్యం చేర్చాను: "హైదరాబాదులోని పెద్ద వడ్లాయన గారికి నా నమస్కారములు."